కుంకుమ పెట్టె

తండ్రి బొటనవేలిలో దిగబడిన చెక్క పేడును ప్రసూనే ముందు చూసింది. అంగుళమున్నర పొడుగుంది. గోరు పక్కన దూరి కింది మెత్తటి కండలోకి పోయింది. చుట్టూ నెత్తురు ఎండి నల్లబడింది కూడా. ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకుని, అప్పలకొండ వీధరుగు మీద కూర్చుని వాన చూస్తున్నాడు.

"నాన్నా, వేలికి ఏటది?"

అతను చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఎవరిదో పరాయివాళ్ళ చెయ్యి చూసినట్టు చూశాడు. తర్వాత గబుక్కున లుంగీ మడతలో దాచేశాడు.

"ఏటీ లేదు. చెక్కపని చేసీవోడికి పేళ్ళు గుచ్చుకోవేటి?"

గుచ్చుకుంటాయి, నిజమే. గుచ్చుకుంటే కెవ్వుమనాలి కదా. ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే క్యారేజి షెడ్డులో వడ్రంగం చేసిన మనిషి కెవ్వుమనకపోతే పోయాడు, మొహమైనా చిట్లించాలి కదా. ప్రసూన పట్టుకారు తెచ్చి ఆ పేడు లాగుతున్నంతసేపూ అప్పలకొండ పక్కింటి మేకలు తన మందార మొక్క మేసేస్తున్నాయని తిడుతూ కూర్చున్నాడు.

అతనికి పదహారేళ్ళుగా షుగరు. పాదాలకు తిమ్మిరి పట్టిందని డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పాడు. చేతుల సంగతి ఎవరూ అడగలేదు, అతను ఎవరికీ చెప్పలేదు. ప్రసూన తల్లి పోయాక తోర్వా పేటలోని ఆ ఇంట్లో మిగిలింది తండ్రీ కూతుళ్ళిద్దరే. ఊరవతల కోనిలో యూనివర్సిటీ ఆఫీసుకు స్కూటీ మీద పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే పిల్లకు, ఇంట్లో మనిషి వేళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ ఆదివారం మధ్యాహ్నం తండ్రి భోంచేసి గుర్రుపెడుతుంటే, ప్రసూన పిన్నీసు తెచ్చుకుని అతని మంచం పక్కన కూర్చుంది. దొంగపని అని ఆమెకు తెలుసు. చూపుడువేలి కొసన మెల్లగా గుచ్చింది. కదలలేదు. కొంచెం గట్టిగా గుచ్చింది. ఎర్రటి చుక్క ఒకటి పైకొచ్చింది కానీ గురక ఆగలేదు. మధ్యవేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు, అన్నీ అంతే. మణికట్టు మీద ఆనించగానే మాత్రం ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

ప్రసూన వంటింట్లోకి పోయి గట్టు పట్టుకుని నిలబడింది. నిరుడు డెంగ్యూ వచ్చి ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు కూడా ఆమెకు ఇంత భయం వేయలేదు. ఎందుకంటే వంటింటి కిటికీలోంచి చూస్తే పెరట్లో రేకుల షెడ్డు కనిపిస్తుంది. ఆ షెడ్డులో బ్యాండ్ సా ఉంది.

రెండు చక్రాల మిషన్ అది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెంటి చుట్టూ బెల్టులా బిగించిన సన్నటి రంపం పట్టీ, మధ్యలో ఇనప బల్లకున్న చీలికలోంచి ఆగకుండా కిందికి పరిగెడుతుంది. చెక్కను దాని మీదికి నెట్టడమే పని. ఎదురొచ్చింది చెక్కా, వేలా అని అది అడగదు. అప్పలకొండ రిటైరైన ఏడాది ఎక్కడో మూతబడిన కార్ఖానా నుంచి దాన్ని తెచ్చుకుని, కొత్త కోడల్ని దించినట్టు షెడ్డులో దించాడు. చిన్నప్పుడు రైల్వే షెడ్డుకు తండ్రి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళినప్పటి నుంచీ ప్రసూన అలాంటి మిషన్ చప్పుడు వింటేనే చెవులు మూసుకుంటుంది.

సరే, మిషన్ మూల పడేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ తీర్చాల్సిన మొక్కు ఒకటుంది.

నిరుడు డెంగ్యూలో ప్రసూనకు ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని చెప్పిన రోజు, అప్పలకొండ ఆస్పత్రి గేటు దగ్గర చెప్పులు విప్పి, రైల్వే కాలనీలో గుడి ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టాడు. "పోలమ్మ తల్లీ, నా గుంటని లేపీసి ఇంటికి పంపు. నీ కుంకానికి నా చేత్తో పెట్టొకటి చేసి ఇచ్చీస్తాను" అన్నాడు. పిల్ల లేచింది, ఇంటికొచ్చింది. ఏడాది తిరిగింది. రైల్వేలో ఉద్యోగాలకని తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్ళు ఇక్కడ నిలుపుకున్న తల్లి పోలమ్మ. ఇంకో తొమ్మిది రోజుల్లో, మంగళవారం, ఆమె పండగ. పెట్టె ఇంకా దిమ్మగానే ఉంది.

అదైనా మామూలు పెట్టె కాదు. ఫోన్‌లో ఎవరో చేస్తుంటే చూసి అప్పలకొండ మనసు పారేసుకున్నాడు. ఒకే టేకు దిమ్మ. ముందు వెనకవైపు పలక ఒకటి కోసెయ్యాలి. తర్వాత దిమ్మ కడుపులోంచి సొరుగు ముక్కను గుండ్రంగా కోసి బయటికి తియ్యాలి. ఆ సొరుగుకు ముందూ వెనకా పలచటి బిళ్ళలు కోసి, మధ్య ముక్కను తొలిచి, అన్నీ మళ్ళీ జిగురు పెట్టి అంటించాలి. అతుకులు కనపడవు, దిమ్మలోనే సొరుగు పుట్టినట్టుంటుంది. షెడ్డులో వేల బెర్తులకు చెక్కలు కోశాడు గానీ ఇలాంటిది అప్పలకొండ తన జన్మలో ఒక్కటీ చెయ్యలేదు.

"పక్క సందులో గిరిబాబు చేత చేయించుదాం నాన్నా. ప్లీజ్."

"గిరిబాబు మొక్కినాడేటి?"

"నీ చేతులకి స్పర్శ లేదు."

"ఎవలు సెప్పినారు?" అని అప్పలకొండ మీసం దువ్వుకుని లేచిపోయాడు. సోమవారం పొద్దున ప్రసూన షెడ్డు ఫ్యూజు పీకి బ్యాగులో వేసుకుని ఆఫీసుకు పోయింది. సాయంత్రం వచ్చేసరికి ఫ్యూజు స్థానంలో రాగి తీగె మెలిపెట్టి ఉంది. దాన్ని చూసి ఆమెకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కరెంటు తీగెను కూడా ఆ వేళ్ళతోనే మెలిపెట్టి ఉంటాడు కదా.

ఆ సాయంత్రమే ఆమె స్కూటీ వేసుకుని కాలనీ గుడికి పోయింది. గుడి చూసుకునేది అప్పలనర్సమ్మ. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు రైల్వే ఆస్పత్రిలో ఆయా. ఆవిడ నోటికి ఆ రోజుల్లో డాక్టర్లే జడిసేవారట.

"మామ్మా, నాన్న మొక్కు నేను తీర్చొచ్చా? పెట్టె నేను చేస్తాను."

"నీ కోసరం మొక్కితే నువ్వే చేసుకుంటే అర్థమేటే? మొక్కినోడి చెయ్యి పడాల."

"ఆయన చెయ్యి బాలేదు."

ముసలమ్మ ప్రసూన మొహంలోకి చూసింది. ఏం కనపడిందో మరి, గొంతు తగ్గించింది. "సరే, నువ్వే చెయ్యి. ఒక్క కోతకైనా మీ అయ్య చెయ్యి కలపమను. అంతే చాలు. తల్లి కాదనదు."

అప్పలకొండ ఆ రాజీకి ఒప్పుకున్నాడు. అంత సులువుగా ఒప్పుకోవడం చూసి ప్రసూన సంతోషించాల్సింది పోయి ఇంకా బెదిరిపోయింది. అంటే అతనికీ తన చేతుల మీద నమ్మకం లేదన్నమాట. ఇప్పుడు మిషన్ దగ్గర నిలబడవలసింది తను. తండ్రి వేళ్ళు కాపాడాలంటే తన వేళ్ళు తీసుకెళ్ళి అక్కడ పెట్టాలి.

మర్నాడు మంగళవారం నుంచి రోజూ ఆఫీసు నుంచి రాగానే పాఠం. గాజులు తీసేసింది, చున్నీ తీసేసింది, జడ ముడేసి గుడ్డ కట్టింది. మొదటి రోజు స్విచ్ వేయగానే ఆ చప్పుడుకు వెనక్కి గెంతి రేకుల గోడకు తల కొట్టుకుంది. రెండో రోజు చెక్క పట్టుకుని రంపం దాకా తీసుకెళ్ళి, ముట్టించకుండానే స్విచ్ ఆపేసింది. చెమటకు చెక్క తడిసిపోయింది. ఆఫీసులో కీబోర్డు మీద వేళ్ళు చూసుకుని, వీటిలో ఏది పోతే ఏ అక్షరం కొట్టలేనో అని లెక్కలు వేసుకుంది. మూడో రోజు చెత్త చెక్క ఒకటి ఆ చివరి నుంచి ఈ చివరికి వంకరగా కోసింది. కోసిన తర్వాత స్టూలు మీద కూలబడి నీళ్ళు తాగింది.

అప్పలకొండ మంచి గురువు. అరవడు, నవ్వడు.

"వేలు రంపం దారిలో పెట్టకు. చెక్క ఎనకాల పెట్టకు, పక్కన పెట్టు. నువ్వు నెట్టకమ్మీ, అది తింటాది. నువ్వు తినిపించు."

"అచ్ఛా."

"కోత ఆకరికొచ్చీసరికి చెయ్యి వదులు చెయ్యాల. అక్కడ చెక్క అయిపోతాది, బిగువు పోతాది. చెయ్యి ఒక్కపాలి ముందుకి తుళ్ళుతాది. ఆ ముందరే వదులు చేసీయాల."

"ఎప్పుడు వదులు చెయ్యాలో ఎలా తెలుస్తుంది నాన్నా?"

"సూసి తెలీదు. వేళ్ళకి తెలుస్తాది" అన్నాడు అప్పలకొండ. అని, తన చెయ్యి వంక చూసుకుని మిషన్ మీద గుడ్డ కప్పేశాడు. ఆ రోజు పాఠం అక్కడితో అయిపోయింది.

ఆదివారం వాన వెలిసింది. పొద్దున పది గంటలకు తలుపులు బార్లా తెరిచి దిమ్మ తీశారు. జానెడు పొడుగు, అరచెయ్యంత వెడల్పు. మీద కాగితం అంటించి అప్పలకొండ పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీత అక్కడక్కడా వంకర పోయింది. ప్రసూన చూడనట్టు జడ ముడేసుకుంది.

వెనక పలక కోత మొదటిది. దిమ్మ పెద్దది, పట్టుకోవడానికి బోలెడు చోటు. తండ్రి చెయ్యి కలపాలంటే అసలు అప్పుడే కలపాలి. "ఇప్పుడు పెట్టీమంటావేటి?" అన్నాడు అప్పలకొండ. "తర్వాతి దానికి నాన్నా" అంది ప్రసూన. పరిగెత్తే రంపం ముందు ఆ మొద్దుబారిన వేళ్ళను ఊహించుకోవడానికే ఆమె గుండె ఒప్పలేదు. ఒక్కతే కోసింది. పలక అప్పడంలా విడిపోయి బల్ల మీద పడింది.

సొరుగు కోత వచ్చింది. "ఇప్పుడు?" అన్నాడు. "ఇది వంపు కోత నాన్నా, నాకే కుదరడం లేదు. తర్వాతిది." సొరుగు ముక్క గుండ్రంగా ఊడి వచ్చింది. తన చేత్తో అంత చక్కటి ముక్క తెగిందంటే ఆమెకే ఆశ్చర్యం. దాని ముందు బిళ్ళ కోసింది, వెనక బిళ్ళ కోసింది. ప్రతిసారీ తర్వాతిది అంటూనే ఉంది.

ఇదీ ఆమె చేసిన తప్పు. ఇంకొకరైతే చేసేవారు కాదు. వాయిదా వేసిన కొద్దీ చెక్క చిన్నదవుతుందని ఆమె భయానికి తోచలేదు. ఆఖరికి మిగిలింది సొరుగు మధ్య ముక్క ఒక్కటే. దాని కడుపు తొలిచెయ్యాలి. నిమ్మకాయంత ముక్క. ఒక చెయ్యి పట్టడానికే చోటు చాలదు. మొక్కు తీరాలంటే రెండో మనిషి చెయ్యి దీని మీదే పడాలి.

"ఇంక తర్వాతిది లేదమ్మీ" అన్నాడు అప్పలకొండ.

ప్రసూన ఆపేద్దాం అని చెప్పాలనుకుంది. ఆ మాట అంటే రేపు తను ఆఫీసుకు పోగానే, కొత్త దిమ్మ తీసి, ఒక్కడూ ఇక్కడ నిలబడతాడు. అందులో ఆమెకు సందేహం లేదు. ఒక్కడూ చెయ్యడం కన్నా, అతని చెయ్యి కింద తన చెయ్యి ఉండడమే నయం.

"నా మణికట్టు మీద పెట్టు నాన్నా. వేళ్ళ మీద వద్దు. అలా ఊరికే ఆనించు."

పెట్టాడు. ఓనమాలు దిద్దించిన నాడు బియ్యంలో ఆమె చెయ్యి పట్టుకున్నట్టే వెనక నిలబడి, ఆమె కుడి చెయ్యి మీద తన చెయ్యి ఆనించాడు. ఎడం చేత్తో ఆమె స్విచ్ వేసింది. రంపం హోరెత్తింది. ముక్క రంపానికి తగిలింది. రంపం తిన్నది. సన్నటి పొట్టు ఎగిరి మొహం మీద పడింది. గీత వెంట, వంపు వెంట, మెల్లగా, మెల్లగా. తండ్రి ఊపిరి ఆమె చెవి పక్కనే వినిపిస్తోంది. నోట్లో ఏదో గొణుగుతున్నాడు, పోలమ్మ తల్లిని తలుచుకుంటున్నాడు కాబోలు. చెయ్యి మాత్రం మణికట్టు నుంచి జారి ఆమె వేళ్ళ మీదికి వచ్చింది. ఆ సంగతి అతనికి తెలియదు. బరువు పెరిగింది, అదీ అతనికి తెలియదు.

"నాన్నా, వదులు" అంది ఆమె. హోరులో వినపడలేదు.

కోత ఆఖరుకు వచ్చింది. ఆమె వేళ్ళకు తెలిసింది. అతను చెప్పినట్టే తెలిసింది, బిగువు పోతోందని. చెయ్యి వదులు చేసి పక్కకు లాగేసుకుంది. పైనున్న చెయ్యి ఆగలేదు. చెక్క అయిపోయిందని దానికి ఎవరు చెప్పాలి? అది అలా ముందుకే పోయింది.

ఎడం చేత్తో స్విచ్ కొట్టింది. చక్రాలు వెంటనే ఆగవు, కాసేపు తిరుగుతూనే ఉన్నాయి. ఇనప బల్ల మీద ఎర్రగా చుక్కలు పడుతున్నాయి.

"అమ్మీ!"

అప్పలకొండ కేకకు పక్కింటి మేకలు బెదిరి పరిగెత్తాయి. ఆమె రెండు చేతులూ పట్టుకుని వెలుతురులోకి, గుమ్మంలోకి లాక్కెళ్ళాడు. "ఏదీ, సూపించు, ఏ వేలు, ఏ వేలమ్మీ!" అని లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఒక్కో వేలూ నెత్తురు తుడిచి చూస్తున్నాడు. తుడిచిన వేలు మళ్ళీ ఎర్రబడుతోంది. మళ్ళీ తుడుస్తున్నాడు. పది లెక్కకు వచ్చాయి. నమ్మకం కుదరక మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు. "ఇది కాదు, ఇదీ కాదు, మరి ఇదెక్కణ్నించి కారుతున్నాది? తల్లీ, నా గుంటనిచ్చి మళ్ళీ చేతులు తీసుకున్నావేటే!" అని భోరుమన్నాడు.

ప్రసూన తన చేతిని తుడుస్తున్న ఆ చెయ్యినే చూస్తోంది. చూపుడువేలి కొస, సగం గోరుతో సహా, లేదు.

"నాన్నా" అంది చివరికి. "అది నీది."

"ఏటి?"

"రక్తం. నీది నాన్నా."

అప్పలకొండ తల వంచి తన చెయ్యి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఏడుపు ఆగిపోయింది. ముందుగా అతని మొహంలోకి వచ్చింది నొప్పి కాదు, "అమ్మయ్య" అన్న నిమ్మళం. నీది కాదు కదా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆ తర్వాతే భయం వచ్చింది. అరవై నాలుగేళ్ళ మనిషి కళ్ళలో అంత భయాన్ని ప్రసూన ఎన్నడూ చూడలేదు.

"నాకు తెలీలేదమ్మీ" అన్నాడు. "నిజంగా తెలీలేదు."

టర్పెంటు వాసన కొట్టే తుండుగుడ్డతోనే వేలు బిగించి కట్టి, స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని మార్కెట్ రోడ్డు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఐదు కుట్లు. మత్తు ఎక్కేదాకా ఆగాలా అని డాక్టరు అడిగితే, అక్కర్లేదని అప్పలకొండే చెప్పాడు. సూది దిగుతుంటే గుడ్డ కుట్టడం చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ప్రతి కుట్టుకూ పళ్ళు బిగించింది ప్రసూన.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది బయటికొచ్చాక.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడే. నీ నుదురు ముట్టుకుంటే జ్వరం ఉందో లేదో తెలీలేదు. నర్సునడిగి తెలుసుకునీవాణ్ని." స్కూటీ ఎక్కుతూ అన్నాడు, "సెప్తే మిషన్ తీసీస్తావని. మరి మొక్కు ఎలాగ తీరుద్ది?"

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి ప్రసూన ఒక్కతే జిగురు పెట్టింది. భాగాలన్నీ తాడుతో బిగించి కట్టింది. సొరుగు లోపలి గోడ మీద చారికలా ఒక మరక మిగిలింది. గరుకు కాగితంతో ఎంత రుద్దినా పోలేదు, చెక్కలోకి ఇంకిపోయింది. నెత్తురు పడ్డ పెట్టె తల్లికి పనికిరాదని అప్పలకొండ మంచం మీంచే గొడవ. మంగళవారం పొద్దున గుడి దగ్గర ప్రసూన భయపడుతూనే సొరుగు లాగి అప్పలనర్సమ్మకు ఆ మరక చూపించింది.

ముసలమ్మ కళ్ళజోడు పైకి తోసి చూసింది. తర్వాత అప్పలకొండ చేతి కట్టు చూసింది. "పోలమ్మకి నెత్తురు కొత్తేటి?" అంది. "మొక్కినోడి చెయ్యి కలపమన్నాను గానీ, ఇంత కలపమన్నానేటి? యెదవ సంత." అని సొరుగు నిండా కుంకుమ పోసి, తల్లి పాదాల దగ్గర పెట్టేసింది. ఘటాలు ఎత్తారు, డప్పులు మోగాయి. ఊరికి ఆ కొసనున్న సర్కండా నుంచి కూడా జనం ఆటోల్లో దిగారు.

పూజయ్యాక వరసగా కూర్చోబెట్టి ఆకు దొప్పల్లో పరవాన్నం పెట్టారు. పొయ్యి మీంచి అప్పుడే దించిన గుండిగె, పొగలు కక్కుతోంది. అప్పలకొండకు అటూ ఇటూ షెడ్డులో కలిసి పనిచేసిన వాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, కొడుకులు. అతను దొప్ప కట్టులేని చేతిలోకి తీసుకున్నాడు. తినబోయి ఆగాడు. ఎదురు వరసలో ఉన్న కూతురి కోసం చూశాడు.

"అమ్మీ" అని పిలిచాడు. గొంతు తగ్గించలేదు, అందరికీ వినపడింది. "ఇది వేడిగా ఉన్నాదేటో సూసి సెప్పు. నాకు తెలీదు."

పక్కనున్నవాళ్ళు మాటలాపేశారు. ప్రసూన లేచి వచ్చి దొప్ప కింద చెయ్యి పెట్టింది. చురుక్కుమంది.

"ఉంది నాన్నా. ఆగు" అంది.

అతను ఆగాడు.